గాలి చీల్చిన గూడుబండి

పఠన భాగములు: సంఖ్యాకాండము 4:29–33; 7:1–9; రెండవ రాజులు 12:4–15; యెషయా 54:2; మత్తయి 9:16

అరణ్యములో ప్రత్యక్ష గుడారమును ఒక మజిలీ నుండి మరియొక మజిలీకి చేర్చుటకై ఇశ్రాయేలు ప్రధానులు ఆరు గూడుబండ్లను, పండ్రెండు ఎద్దులను తెచ్చిరని సంఖ్యాకాండము ఏడవ అధ్యాయములో చదువుచున్నాము. ఆ బండ్లను పంచిన విధము గమనింపదగినది. తెరలు మోయు గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు ఇయ్యబడెను. మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు ఇయ్యబడెను. కహాతీయులకు ఒక్క బండియు ఇయ్యబడలేదు. మందసము మొదలైన పరిశుద్ధ వస్తువులను వారు భుజములమీదనే మోయవలసియుండెను. ఈ అధ్యాయముమీద చేయబడు ప్రసంగములు సాధారణముగా కహాతీయుల భుజములయొద్ద ఆగును. బరువైన నాలుగు బండ్లలో ఏమున్నదో అడుగువారు అరుదు.

వాటిలో నున్నవి పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు, మేకులు, త్రాళ్లు. ముప్పది మొదలు ఏబది యేండ్ల లోపు వయస్సుగల 3,200 మంది మెరారీయులకు ఇదే సేవ. నాలుగవ అధ్యాయము 32వ వచనములో ఒక విశేషము కలదు: వారు మోయవలసిన ఉపకరణములను పేర్లు చెప్పి లెక్కించి అప్పగించవలెనని ఆజ్ఞ. బంగారపు దీపవృక్షమును ఎవరును దారిలో మరచిపోరు. మేకును మరతురు. మేకు పోయిన సంగతి గాలి వచ్చువరకు తెలియదు.

చక్రములమీద నడుచు ఇల్లు మన కాలములోను ఉన్నది. 1885లో ఇంగ్లండులో గార్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు ‘వాండరర్’ అను గుఱ్ఱపు గూడుబండిని చేయించుకొని, దానిలోనే కాపురముండి దేశమంతయు తిరిగెను. 1936లో అమెరికాలోని ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీవారు అల్యూమినియపు రేకులను రివిట్లతో కూర్చి ‘క్లిప్పర్’ అను ట్రైలరును చేసిరి. కారు వెనుక తగిలించి లాగుకొనిపోవు చిన్న క్యాంపింగ్ ట్రైలరులు పెక్కింటికి నేటికిని అదే వరస: క్రింద ఉక్కు చట్రము, దానిమీద సన్నని కఱ్ఱ లేక లోహపు బద్దల ఎముకలు, వాటిమీద పలుచని రేకు. మన దేశములో అట్టిది విహారమునకు వాడువారు కొద్దిమంది. అయితే అదే ఎముకలు, అదే రేకు గల చక్రాల గదులు మనకు కొత్త గావు. వీధి మొగలో టిఫిను అమ్మునది, ఊరూర తిరిగి రోగులను చూచునది, రోడ్డు పనివారు రాత్రి తలదాచుకొనునది, ఇవన్నియు ఆ జాతివే. ఈ పాఠములో గూడుబండి యనగా వీటన్నిటిని గ్రహింపవలెను.

గాలి ఇట్టి బండిని ఎట్లు పాడుచేయునో, దానిని ఎట్లు బాగుచేయవలెనో తెలిసికొనుటకు జమ్‌షెడ్‌పూరులోని బర్మామైన్స్ తగిన స్థలము. పేరు గనులది గాని అక్కడ గనులు లేవు. టాటానగరు స్టేషనుకును ఉక్కు కర్మాగారమునకును చేరువగానున్న పేట అది. ఆ కర్మాగారములో 1912లో మొదటి ఉక్కు వచ్చెను. 1919లో ఊరికి జమ్‌షెడ్‌పూరు అను పేరు పెట్టబడెను. 1945లో స్థాపింపబడిన టెల్కో కంపెనీ 1954 నుండి అక్కడ లారీలు చేసెను. రేకు, రివిటు, వెల్డింగు ఆ ఊరివారికి ఇంటి మాటలు. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి ఆ ఊరికి పనికై పోయి స్థిరపడిన తెలుగు కుటుంబములు తరతరములుగా అక్కడ ఉన్నవి.

ఆ ప్రాంతపు గాలి వేరు. కోస్తావారికి తుపాను తెలియును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది, 2014 అక్టోబరు 12న విశాఖను విరిచిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళము జిల్లాను కొట్టిన తిత్లీ, ఇవి సముద్రముమీద పుట్టి ఒడ్డుకు వచ్చినవి. ఛోటానాగపూరు పీఠభూమికి అట్టి తుపానులు బలముతగ్గి చేరును. 2021 మే నెలాఖరున యాస్ తుపాను అట్లే వాయుగుండమై చేరి సువర్ణరేఖా ఖర్కాయీ నదులను పొంగించెను. కాని ఆ పీఠభూమి తన గాలిని తానే పుట్టించును. చైత్ర వైశాఖములలో ఎండకు నేల కాగి, మధ్యాహ్నము తిరిగిన తరువాత వాయవ్యమున నల్లని మేఘము లేచి, ధూళితోను, పిడుగులతోను, కొన్నిమార్లు వడగండ్లతోను విరుచుకొనిపడును. బెంగాలీలు దీనిని కాలబైశాఖి అందురు. తుపానుకు రెండు మూడు దినముల ముందు హెచ్చరిక ఉండును. దీనికి కొద్ది గంటలు, ఒక్కొక్కప్పుడు బట్టలు లోనికి తీసికొనునంత వ్యవధి మాత్రమే.

భారతీయ ప్రమాణముల సంస్థ కట్టడములమీద గాలి ఒత్తిడిని లెక్కించుటకు ఐ.ఎస్. 875 మూడవ భాగము అను నియమావళిని ప్రచురించినది. దాని ప్రస్తుత రూపము 2015 నాటిది. ఏ ఊరిలో కట్టడము ఎంత వేగమునకు తట్టుకొనవలెనో దానిలో ఉన్నది. విశాఖపట్నమునకు, విజయవాడకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44, సముద్రము కనబడని జమ్‌షెడ్‌పూరుకు 47. అనగా గంటకు దాదాపు 170 కిలోమీటర్లు. ఇది ప్రతి యేట వచ్చు గాలి కాదు, పదిమీటర్ల ఎత్తున, అనేక సంవత్సరములకు ఒకసారి రాదగిన గాలివిసురు. అయితే దానిలో సగము వేగము, అనగా 85 కిలోమీటర్లు, కాలబైశాఖికి వింత కాదు.

ఇక్కడ ఒక లెక్క చూడవలెను. గాలి ఒత్తిడి వేగముతోపాటు సమానముగా పెరుగదు. వేగము రెట్టింపైనయెడల ఒత్తిడి నాలుగు రెట్లగును. 85 కిలోమీటర్ల వేగమున చదరపు మీటరుకు సుమారు 34 కిలోల బరువు. 170 వేగమున సుమారు 135 కిలోలు. నాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తుగల బండి ప్రక్క ఎనిమిది చదరపు మీటర్లు. చిన్న గాలికే దానిమీద 270 కిలోలకు పైగా పడును. చక్రములు అడ్డుగా జరుగవు గనుక బండి ఒరుగును.

పైకప్పుమీద పని ఇంకను సూక్ష్మమైనది. గాలి కప్పును త్రొక్కదు, ఎత్తును. అంచుమీదుగా ఎగసి పోవునపుడు పైన పీల్పు కలుగును. ఆ పీల్పు నడుమకంటె అంచులయందును, అంచులకంటె మూలలయందును ఎక్కువ. గాలివైపు తలుపు గాని కిటికీ గాని తెరచియున్నయెడల, లోనికి చొరబడిన గాలి క్రింద నుండి నెట్టును. పైనుండి పీల్పు, క్రిందనుండి నెట్టుడు ఒక్కటైనపుడు రేకు నిలువదు. యోబు గ్రంథము మొదటి అధ్యాయములో అరణ్యము మీదుగా వచ్చిన గొప్ప గాలి ఇంటి నాలుగు మూలలను కొట్టెనని దూత తెచ్చిన వార్త వడ్రంగులకు బాగుగా అర్థమగును.

రేకుల ఇండ్లు గల పేటలలో కప్పుమీద ఇటుకలు, రాళ్లు, పాత టైర్లు పెట్టుట ఆచారము. ఇటుక బరువు మూడు కిలోలు, చదరపు మీటరు రేకు బరువు నాలుగైదు కిలోలు. ఎత్తు బలము 34 కిలోలు, అంచులయొద్ద అంతకంటె ఎక్కువ. ఈ కొద్ది బరువు రేకును పట్టదు. రేకు లేచినపుడు ఇటుకయు లేచి పొరుగువాని తలమీద పడును. కప్పును నిలుపునది పైబరువు కాదు, క్రిందికట్టు.

గాలి పోయిన మరునాడు ప్రజలు అడుగు ప్రశ్న వేరుగా ఉండును. వీధిలో పది బండ్లుండగా ఒక్కటే విరిగినయెడల, ఆ ఇంటివారు ఏమి చేసిరో అని చూపులు తిరుగును. సంఘములోను ఈ మాట నెమ్మదిగా నడుచును, ప్రార్థన రూపములో నడుచుట మరింత బాధాకరము. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతవరకు మంచివారే; నోరు తెరచిన తరువాతనే చెడిరి. సిలోయములో గోపురము పడి చచ్చిన పదునెనిమిదిమంది యెరూషలేములోని వారందరికంటె అపరాధులని తలంపవద్దని ప్రభువు స్పష్టముగా చెప్పెను (లూకా 13:4). కనుక ఎవరి పాపము అను ప్రశ్న మూసివేయబడినది. తెరచియున్న ప్రశ్న మరియొకటి కలదు: బండి ఎక్కడ కట్టబడియుండెను? దేనికి కట్టబడియుండెను? ఇది నిందించు ప్రశ్న కాదు, బాగుచేయు ప్రశ్న. దీనికి జవాబు పాడైన బండిలోనే వ్రాయబడియుండును.

ఆ వ్రాతను చదువకమునుపు జాగ్రత్త అవసరము. గాలి పూర్తిగా తగ్గకముందు కప్పు ఎక్కరాదు. విద్యుత్తు తీగను విడదీసి, గ్యాసు సిలిండరును బయటికి తీసి, చక్రములకు ముందు వెనుక దిమ్మలు పెట్టి, చట్రము క్రింద జాకీలమీద గాక గట్టి స్టాండ్లమీద బండిని నిలుపవలెను. వాన ఉన్నయెడల టార్పాలిను కప్పవలెను గాని దానిని గోడకు మేకులతో కొట్టరాదు. త్రాడును క్రిందికి తెచ్చి చట్రమునకు కట్టవలెను. వదులుగా కొట్టుకొను టార్పాలిను ఒక్క రాత్రిలో రంగును గీకి రేకును బయటపెట్టును.

ఆ తరువాత లోపలినుండి చూడవలెను. బయట రేకు ఎంత నలిగినదో అందరు చూతురు. నిజమైన వార్త లోపల మూలలలో ఉండును. చిన్న స్క్రూడ్రైవరు మొనతో బద్దలను అడుగడుగున నొక్కి చూడవలెను. మంచి కఱ్ఱ మొనను ఆపును, పుచ్చినది లోనికి పోనిచ్చును. గాలి ఒక్క దినములో పుట్టించిన పుచ్చు ఎక్కడను లేదు. ఏండ్లుగా ఒక స్క్రూ రంధ్రములో నుండి చుక్క చుక్కగా దిగిన నీరు బద్దను మెత్తబరచెను. రివిటు పట్టుకొనుటకు ఏమియు మిగులలేదు. గాలి వచ్చి అంచును ఎత్తగా అది సులువుగా లేచెను. నీరు కారిన చోటను, దిగిన చోటు క్రిందనే వెదకరాదు. బద్ద వెంబడి రెండు మూడు మీటర్లు ప్రయాణము చేసి మరియొక మూలలో బయటపడుట దాని స్వభావము.

మరమ్మతులో మిక్కిలి కష్టమైన భాగము కోయుట కాదు, అతుకుట కాదు. ఆరనిచ్చుట. తడిసిన ప్లైవుడ్డును, తడిసిన బద్దను మీద రేకువేసి మూసినయెడల బయటికి బండి కొత్తదివలె ఉండును. లోపల పుచ్చు ముందుకంటె వేగముగా సాగును. లోపలి పలకలను విప్పి, తడిసిన దూదిని, స్పంజిని పారవేసి, తలుపులు తెరచి దినములకొలది ఆరబెట్టవలెను. బర్మామైన్స్‌లో మే నెల ఎండ ఈ పనికి సహాయమే. అయితే జూన్ నడిమికి నైరుతి వానలు పట్టుకొనును. వైశాఖపు గాలికి విరిగిన బండిని బాగుచేయుటకు ఉన్నది నాలుగు లేక అయిదు వారములు మాత్రమే.

ఆ బండి టిఫిను బండియై, ఒక కుటుంబమునకు జీవనాధారమైనయెడల, ఆరబెట్టు ప్రతి దినమును పొయ్యి వెలుగని దినము. రేకుకు, రివిట్లకు కావలసిన డబ్బు ఎవరైనను అప్పిత్తురు. పనిలేని ఎనిమిది దినముల తిండికి ఎవరిత్తురు? అందువలననే పేదవాని మరమ్మతు ఎప్పుడును తడిమీదనే జరుగుచున్నది, మరుసటి యేట అదే చోట చినుగుచున్నది. దీనిని అతని అజాగ్రత్త యనుట అన్యాయము. సంఘము ఒక కుటుంబమునకు రేకులు కొనియిచ్చి ఫొటో తీయించుకొనుటకంటె, బండి ఆరువరకు ఆ ఇంటి బియ్యము, పాలు, బడి ఖర్చు మోయుట మరింత ఉపకారము. అది ఎవరికిని కనబడని సాయము గనుక దానికి చందా వసూలగుట కష్టము.

యోవాషు రాజు కథలో ఈ సంగతియే ఉన్నది. మందిరములో ఎక్కడ బీట కనబడినను బాగుచేయవలెనని అతడు యాజకులకు చెప్పి, అందుకు డబ్బును చూపెను. అతని యేలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వచ్చినను ఒక్క బీటయు పూడ్చబడలేదు (2 రాజులు 12:6). డబ్బు లేక కాదు, దుష్టత్వము వలన అనియు చెప్పబడలేదు. మరమ్మతు ఎవరి పనియో తేలలేదు. యాజకుడైన యెహోయాదా పెట్టెకు మూతలో బెజ్జము చేసి బలిపీఠము ప్రక్క పెట్టిన తరువాత, ఆ ద్రవ్యము నేరుగా వడ్రంగులకును, కట్టువారికిని, కాసెపనివారికిని చేరెను. పని చేయించినవారు నమ్మకముగా నడిచిరి గనుక వారిని లెక్క అడుగలేదని 15వ వచనము చెప్పుచున్నది. బైబిలంతటిలో మేస్త్రీలకు దొరికిన ప్రశంసలలో ఇది శ్రేష్ఠమైనది.

ఈ అధ్యాయములో బాగుచేయుట అను భావమునకు హెబ్రీలో వాడబడిన క్రియ ‘హాజక్’ అను ధాతువునుండి వచ్చినది. ఆ ధాతువునకు మూలార్థము బలపరచుట. బీట అను మాట ‘బెదెక్’. బీటను బాగుచేయుట యనగా హెబ్రీవాని నోట బీటను బలపరచుట. యెషయా 54:2లో గుడారపు త్రాళ్లను పొడిగించి మేకులను స్థిరపరచుమని చెప్పునపుడును అదే క్రియ వాడబడెను. తర్జుమాలలో ఈ రెండు చోట్ల రెండు వేర్వేరు మాటలు రావలసివచ్చుటచేత ఈ బంధుత్వము చదువరికి కనబడదు. మన భాషలో బాగుచేయుట యనగా మునుపున్నట్లు చేయుట. హెబ్రీ మాట మునుపున్న దానితో తృప్తిపడదు. మునుపున్నట్లే చేసినయెడల మునుపు విరిగినట్లే విరుగును.

దీనిని గూడుబండికి అన్వయింపవలెను. పుచ్చిన బద్దను పుచ్చు కనబడినంతమేర మాత్రమే గాక, దానికి అవతల గట్టి కఱ్ఱ తగులువరకు కోయవలెను. కొత్త ముక్కను పాత ముక్కకు మొనకు మొన అతికించినయెడల ఆ అతుకు నిలువదు. రెంటిని ఏటవాలుగా చెక్కి, అంగుళము మందమునకు ఎనిమిది అంగుళముల పొడవున ఒకదానిమీద నొకటి పరుండునట్లు జిగురుతో అతికి బిగించవలెను. వెడల్పుగా కలిసిన అతుకు బరువును పంచుకొనును. గోడకు తగిలించు ఎండచాపు, అనగా అవ్నింగు, చాలమార్లు మొదట చినుగునది. దాని చేతిని పలుచని రేకుకే స్క్రూలతో బిగించియుండుటచేత గాలి చాపుతోపాటు గోడను కూడ పెరుకును. రేకు వెనుక ఒక లోహపు పట్టీ పెట్టి దానికి బోల్టులు బిగింపవలెను. గాలి సూచన కనబడగానే చాపును చుట్టివేయుట అన్నిటికంటె చవుక.

రేకు విషయములో ప్రభువు చెప్పిన మాసిక ఉపమానము అక్షరార్థముగానే పనికివచ్చును. చలువచేయని కొత్త గుడ్డను పాత బట్టకు వేసినయెడల కొత్తది ముడుచుకొని పాతదానిని లాగి చింపును. చినుగు మునుపటికంటె పెద్దదగును. ఆయన ఏ సందర్భములో చెప్పెనో అది వేరు, ఉపవాసమును గూర్చిన ప్రశ్న అది. అయినను నజరేతు వడ్రంగి యింట పెరిగినవాడు గనుక వస్తువుల గుణములు తెలిసి మాటలాడెను. అల్యూమినియపు రేకుమీద ఇనుప ముక్క వేసి ఇనుప స్క్రూలు బిగించినయెడల, రెండు లోహముల నడుమ వాన నీరు చేరినపుడు సన్నని విద్యుత్ప్రవాహము పుట్టి అల్యూమినియమును తినివేయును. తెల్లని పొడి రాలును, రంధ్రము పెద్దదగును. అల్యూమినియమునకు అల్యూమినియమే మాసిక, అల్యూమినియపు రివిట్లే కుట్టు. స్క్రూలు తప్పనిచోట స్టెయిన్‌లెస్ స్టీలువి, రబ్బరు వాషర్లతో వాడవలెను.

చినుగు కొనయందు మూడు మిల్లీమీటర్ల చిన్న రంధ్రము తొలుచుట పనివారికి తెలిసిన ఉపాయము. సన్నని కొనయొద్దనే బలమంతయు కేంద్రీకరించి చినుగు ముందుకు పరుగెత్తును. గుండ్రని రంధ్రము ఆ బలమును చుట్టు పంచి దానిని ఆపును. పగులును ఆపుటకు రంధ్రము చేయుట విననివారికి వెఱ్ఱితనమువలె తోచును. మాసిక మూలలను కూడ అదే కారణముచేత గుండ్రముగా కత్తిరింపవలెను. చినుగు దాటి నలుప్రక్కల కనీసము అంగుళము మేర అది పరుచుకొనవలెను. రివిట్ల నడుమ ఎడము అంగుళము, అంగుళమున్నరకు మించరాదు. రేకు మీద రేకు వచ్చు చోట పైరేకు అంచు క్రిందిరేకు మీదికి దిగవలెను. ప్రత్యక్ష గుడారములో సన్నని నార తెరలు ఇరువది యెనిమిది మూరలు, వాటిమీది మేకవెండ్రుకల తెరలు ముప్పది మూరలు (నిర్గమ 26:2, 8). ఆ ఎక్కువ రెండు మూరలు ఇరుప్రక్కల మూరెడేసి క్రిందికి దిగి లోపలి తెరను కాచుటకే అని 13వ వచనము. మీది కప్పు లోపలిదానికంటె పొడుగుండవలెనను సూత్రమును ఇంతకంటె తేటగా చెప్పిన పాత గ్రంథము దొరకుట కష్టము.

అతుకులో పూయు సీలెంటు ఎంపికలోను తొందర కూడదు. బజారులో సులువుగా దొరకు సిలికాను గొట్టము చాలమందికి మొదటి ఆశ్రయము. అది ఒకసారి పూసిన చోట తరువాత రంగు గాని మరియొక సీలెంటు గాని అంటుకొనదు. మరుసటి మరమ్మతుకు దారి మూయును. రేకుల నడుమ మెత్తగా నొక్కుకొను బ్యుటైల్ టేపు పెట్టి రివిటు వేయుట మేలు. పగులుమీద పైపైన పూత పూయుట మాత్రము మరమ్మతు కాదు, తెల్లసున్నము మాత్రమే.

రెండు మీటర్ల రేకును పైకెత్తి సరిగా నిలిపి బిగించుటకు నాలుగు చేతులు కావలెను. యిర్మీయా 10:20లోని విలాపము దీనిని తాకుచున్నది. గుడారము పాడైనది, త్రాళ్లు తెగినవి. అంతటితో ఆ విలాపము ఆగదు. పిల్లలు దూరమైరి, గుడారమును మరల వేయుటకు ఎవరును లేరు. పట్టణములలో ఒంటరిగా బ్రదుకు వృద్ధుల ఇండ్లలో ఈ వచనము నేడు నెరవేరుచున్నట్లే ఉన్నది. కుమారుడు బెంగుళూరులోనో విదేశములోనో ఉండి డబ్బు పంపును. రేకు ఆ కొన పట్టుకొనువాడు ఉండడు.

చివర మిగిలినది కట్టుట. బండిని ఎక్కువకాలము నిలుపు చోట దాని ఇరుకైన కొన గాలి వచ్చు దిక్కునకు, అనగా ఆ ప్రాంతములో వాయవ్యమునకు, తిరిగియుండుట మంచిది. నాలుగు మూలల నేలలో పొడవైన ఇనుప మేకులను, వీలైన చోట మరవలె తిరిగి దిగు మేకులను దింపి, చట్రమునకే పట్టీలు కట్టవలెను. గోడకు గాని కప్పుకు గాని కాదు. వాన పడి నేల మెత్తబడినపుడు మేకు పట్టు తగ్గును గనుక ప్రతి గాలివాన తరువాత వాటిని లాగి చూడవలెను. గాలివైపు తలుపు, కిటికీ, కప్పుమీది గాలిబెజ్జము మూయవలెను.

పని ముగిసిన తరువాత నీటితో పరీక్షింపవలెను. ఒకరు బయట గొట్టముతో నీరు పట్టవలెను, మరియొకరు లోపల టార్చిలైటుతో కూర్చుండవలెను. నీరు పైనుండి మొదలు పెట్టినయెడల అది అంతటను జారి, ఏ అతుకు కారినదో తెలియకుండును. క్రింది అతుకుతో మొదలుపెట్టి, ఒక్కొక్కదానిమీద అయిదు నిమిషములు నిలిపి, మెల్లగా పైకి పోవలెను. లోపలివాడు చుక్క చూచిన చోట సుద్దముక్కతో గీత పెట్టి తేదీ వేయవలెను. గీత ఉన్నచోట టేపును విప్పి, ఆరనిచ్చి, మరల వేయవలెను. మేకులు ఎన్ని, పట్టీలు ఎన్ని, సుత్తి ఎక్కడ అన్న వివరమును ఒక కాగితముమీద వ్రాసి తలుపు లోపలివైపు అంటించి, ఇంటిలో చదువనేర్చిన పిల్లచేత ఒకసారి పైకి చదివించవలెను.